25 వేలు చేతిలో ఉన్నాయి, గేమ్స్ కోసం పాత ల్యాప్‌టాప్‌లో ఏం మార్చాలి?

ప్రశ్న అడిగిన తమ్ముడిది కందుకూరు, చదివేది ఒంగోలులో బీటెక్. ల్యాప్‌టాప్ 2021లో కొన్నది. ఐ5 11వ తరం ప్రాసెసర్ (1135జీ7), 8 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ (ఫైళ్లు, గేమ్‌లు దాచే డిస్క్), విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. వాలరెంట్, జీటీఏ 5 ఆడతాడు. మొదటి ఇరవై నిమిషాలు పర్లేదు, ఆ తర్వాత నత్తనడక. బజారులో ఒకాయన 18 వేలిస్తే గ్రాఫిక్స్ కార్డు వేసిస్తానన్నాడట. "అన్నా, వేయించమంటావా? లేకపోతే ర్యామ్ 16 చేయించి, ఎస్ఎస్‌డీ 1 టీబీ పెట్టించనా?" అని అడిగాడు.

ముందు జవాబు చెప్పేస్తా. గ్రాఫిక్స్ కార్డు వేయించొద్దు. నీ ల్యాప్‌టాప్‌లో దాన్ని వేసే చోటే లేదు. ఖాళీ స్లాట్ ఉంటే ఇంకో 8 జీబీ ర్యామ్ వేయించు. లోపల దుమ్ము తీయించి థర్మల్ పేస్ట్ (చిప్‌కూ దాన్ని చల్లార్చే లోహానికీ మధ్య పూసే ముద్ద) మార్పించు. ఎస్ఎస్‌డీ జోలికి పోవద్దు. మిగిలిన డబ్బు అలాగే దాచుకో. ఇక ఎందుకో చెబుతా. ఓపిగ్గా చదువు, ఎందుకంటే ఆ 18 వేల మాట ఇంకెవరో కూడా నీకు చెబుతారు.

నేను నెల్లూరులో 14 ఏళ్లుగా ల్యాప్‌టాప్ సర్వీసు చేస్తున్నా. అంతకు ముందు ఒంగోలులో ఒకాయన దగ్గర రెండేళ్లు పని నేర్చుకున్నా. వేసవి సెలవులొస్తే నా టేబుల్ మీద సగం బళ్లు, అంటే ల్యాప్‌టాప్‌లు, మీలాంటి గేమ్స్ పిల్లలవే.

డెస్క్‌టాప్‌లో గ్రాఫిక్స్ కార్డు అంటే విడి వస్తువు. పాతది పీకి కొత్తది గుచ్చొచ్చు. ల్యాప్‌టాప్‌లో ఆ చిప్ మదర్‌బోర్డుకే అతికించి వస్తుంది. ప్రాసెసర్ కూడా అంతే. పదేళ్ల కిందటి వరకు కొన్ని మోడళ్లలో ప్రాసెసర్ ఊడదీసి మార్చే వీలుండేది, నేనూ మార్చాను. ఇప్పుడొచ్చే వాటిలో దాదాపు అన్నిటికీ సోల్డరింగే. నీ దాంట్లో గ్రాఫిక్స్ చిప్ విడిగా లేదు, ప్రాసెసర్ లోపలే ఉంది. కాబట్టి తీసేదీ లేదు, పెట్టేదీ లేదు.

మరి ఆ 18 వేలు దేనికి? మంచిగా అనుకుంటే, ఆయన చెప్పింది బయట పెట్టే డాక్ అయ్యుండాలి. ఎస్ఎస్‌డీ కూర్చునే ఎం.2 స్లాట్‌లోంచి ఒక కేబుల్ బయటికి లాగి, దాని చివర డెస్క్‌టాప్ కార్డు, పక్కన విడిగా పవర్ సప్లై పెడతారు. పని చేస్తుంది, కాదనను. కానీ ఉన్న ఎం.2 స్లాట్ ఒక్కటే అయితే విండోస్ ఎక్కడ పెడతావు? పైగా వెనక మూత తెరిచే ఉండాలి. హాస్టల్ గదిలో టేబుల్ మీద పేగులు బయటపెట్టుకుని కూర్చున్నట్టు ఉంటుంది ఆ బండి. థండర్‌బోల్ట్ పోర్టు (చాలా వేగంగా డేటా పంపే యూఎస్‌బీ-సీ ఆకారపు పోర్టు) ఉంటే దీనికంటే శుభ్రమైన దారి ఉంది. మీ ప్రాసెసర్‌కి ఆ సత్తా ఉన్నా కంపెనీ ఆ పోర్టు పెట్టిందో లేదో మోడల్‌ని బట్టి ఉంటుంది. ఉన్నా సరే, పెట్టె, కార్డు, పవర్ సప్లై అన్నీ కలిపితే నీ 25 వేలు దాటిపోతుంది.

చెడుగా అనుకుంటే ఎలా ఉంటుందో నా దగ్గరికొచ్చిన ఒక కేసు చెబుతా. కావలి నుంచి ఒకబ్బాయి వచ్చాడు. అదీ నీలాగే 11వ తరం బండి. "గ్రాఫిక్స్ కార్డు వేయించానన్నా, 15 వేలు అయింది, ఇప్పుడు మళ్లీ హీట్ ఎక్కుతోంది" అన్నాడు. కార్డు ఎక్కడుందిరా అంటే డివైస్ మేనేజర్ (లోపలి భాగాల పేర్లు చూపే విండోస్ జాబితా) తెరిచి చూపించాడు. "ఇంతకు ముందు యూహెచ్‌డీ గ్రాఫిక్స్ అని ఉండేది, ఇప్పుడు ఐరిస్ ఎక్స్ఈ అని వస్తోంది చూడు" అన్నాడు. మూత తీసి చూస్తే లోపల కొత్తగా పెట్టింది ఒక ర్యామ్ కర్ర (ర్యామ్ చిప్‌లున్న చిన్న పట్టీ). అంతే!

మోసం ఎక్కడ దాగుందో అర్థమైందా? ఈ తరం ఇంటెల్ చిప్‌లకు ఒక అలవాటు ఉంది. ర్యామ్ ఒక్క కర్రే ఉంటే, అంటే సింగిల్ చానెల్ అయితే, విండోస్‌లో పేరు యూహెచ్‌డీ గ్రాఫిక్స్ అని వస్తుంది. రెండు కర్రలు పడి డ్యూయల్ చానెల్ అయితే అదే చిప్ ఐరిస్ ఎక్స్ఈ అని పేరు చెప్పుకుంటుంది. చిప్ మారదు, మెమరీకి దారి వెడల్పవుతుంది. ఆ షాపాయన ర్యామ్ వేసి కార్డు వేశానని డబ్బు తీసుకున్నాడు. ఆ అబ్బాయికి గేమ్ నిజంగానే బాగా ఆడింది కాబట్టి అనుమానం రాలేదు. ఇది విన్నాక నువ్వు కూడా ఒకసారి డివైస్ మేనేజర్‌లో 'డిస్‌ప్లే అడాప్టర్స్' తెరిచి ఏ పేరుందో చూడు. యూహెచ్‌డీ అని ఉంటే నీ సగం రోగం దొరికినట్టే.

ర్యామ్ రెండో కర్ర ఎందుకు అంత తేడా చూపిస్తుంది? విడి గ్రాఫిక్స్ కార్డుకు దాని సొంత మెమరీ ఉంటుంది. నీ దాంట్లో ఉన్న చిప్‌కు సొంత మెమరీ లేదు, ర్యామ్‌లోనే వాటా తీసుకుంటుంది. డీడీఆర్4 3200 కర్ర ఒక్కటి ఉంటే సెకనుకు గరిష్ఠంగా 25.6 జీబీ డేటా పోతుంది. రెండుంటే 51.2. ఆ దారిలోనే ప్రాసెసర్ పనీ జరగాలి, బొమ్మలు గీసే పనీ జరగాలి. ఒకే వరస రోడ్డు మీద లారీలూ బస్సులూ పోతున్నట్టు. చిప్‌కు శక్తి ఉన్నా డేటా అందక ఖాళీగా కూర్చుంటుంది. దానికి తోడు 8 జీబీలో విండోస్, బ్రౌజర్ కలిసి మూడున్నర నాలుగు జీబీ తినేస్తాయి. మిగిలిన దాంట్లోంచే గేమూ నడవాలి, గ్రాఫిక్స్‌కూ వాటా పోవాలి.

పైన చెప్పినలాంటి బళ్లలో నేను చేసి చూసిన లెక్క చెబుతా. జీటీఏ 5, సెట్టింగ్స్ నార్మల్‌లో, రిజల్యూషన్ తగ్గించి, ఒక కర్రతో 28, 30 ఎఫ్‌పీఎస్ (సెకనుకు తెర మీద గీసే బొమ్మలు) దగ్గర కొట్టుకునేది. రెండో కర్ర వేశాక 42, 45 వచ్చింది. నీకు అచ్చం అంతే వస్తుందని రాసివ్వను, ల్యాప్‌టాప్ మోడల్‌ని బట్టి మారుతుంది. కానీ గ్రాఫిక్స్ కార్డు లేని బండిలో పెట్టే ప్రతి రూపాయికీ ఇంత ఫలితం ఇచ్చేది ఇంకోటి నేను చూడలేదు.

కొనేముందు ఒక పని చెయ్యి. టాస్క్ మేనేజర్ తెరువు, పెర్ఫార్మెన్స్‌లో మెమరీ నొక్కు. కింద 'స్లాట్స్ యూజ్డ్' దగ్గర 2లో 1 అని ఉంటే ఖాళీ ఉందని అర్థం. 'ఫామ్ ఫ్యాక్టర్' దగ్గర సోడిమ్ అని ఉంటే ఊడే కర్ర. 'రో ఆఫ్ చిప్స్' అని ఉంటే ర్యామ్ బోర్డుకే అతికించి ఉంది. బక్కగా ఉండే మోడళ్లలో కొన్నిటికి అసలు స్లాటే ఉండదు. అలాంటిదైతే ర్యామ్ కథ అక్కడితో అయిపోయినట్టే. మూత తీయించి కళ్లతో చూసేదాకా అడ్వాన్స్ మాత్రం ఇవ్వొద్దు.

ఉన్నది 8 అయితే ఇంకో 8 వెయ్యి, అదే స్పీడు. 16 కర్ర వేసినా నడుస్తుంది. అప్పుడు 8కి 8 జత కలిసి డ్యూయల్‌లో పోతుంది, మిగిలిన 8 సింగిల్‌గా ఉంటుంది. తక్కువ స్పీడు కర్ర అంటగడితే మాత్రం రెండూ ఆ తక్కువ స్పీడుకే దిగుతాయి. ఒకసారి పొదిలి నుంచి ఒకాయన కొడుకు కోసం తనే కర్ర కొని తెచ్చాడు, డీడీఆర్3. గాడి చోటు వేరు కదా, స్లాట్‌లో దిగదు. "కొంచెం గట్టిగా నొక్కండి సార్" అన్నాడు! నొక్కుంటే స్లాట్ విరిగేది.

ర్యామ్ ధర సంగతి. ఏఐ డేటా సెంటర్లు మెమరీ మొత్తం ఎగరేసుకుపోతుండటంతో 2025 చివరి నుంచి రేట్లు బాగా పెరిగాయి. అందుకే ఇక్కడ అంకె రాయను, రాసినా వచ్చే నెలకు తప్పవుతుంది. మూడు చోట్ల అడుగు, ఒక చోట ఆన్‌లైన్‌లో చూడు, బిల్లు మీద వారంటీ రాయించుకో.

ఇప్పుడు నీ మాటలో అసలు గుట్టు ఎక్కడుందో చెబుతా. "మొదటి ఇరవై నిమిషాలు పర్లేదు" అన్నావు. ర్యామ్ తక్కువైతే మొదటి నిమిషం నుంచే కష్టం తెలుస్తుంది. కాసేపు బాగా నడిచి తర్వాత పడిపోతే అది వేడి. నీ ప్రాసెసర్ 4.2 గిగాహెర్ట్జ్ దాకా పోగలదు. 100 డిగ్రీలు దాని హద్దు. ఆ దగ్గరికి రాగానే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. నువ్వు దాన్ని ల్యాగ్ అంటున్నావు.

ఇంకో సంగతి, మనం ఉన్న ఊళ్లు. గదిలో వేడి పది డిగ్రీలు పెరిగితే చిప్ వేడీ దాదాపు పది పెరుగుతుంది. ఫ్యాన్ లాగేది గదిలో గాలినే కదా. డిసెంబరులో బాగా ఆడిన గేమ్ మేలో ఎందుకు ఆగుతోందని పిల్లలు అడుగుతారు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ఒంగోలు హాస్టల్ గదిలో రేకుల కింద ల్యాప్‌టాప్ ఏపాటి?

దుమ్ము కూడా అన్ని చోట్లా ఒకటి కాదు. చీమకుర్తి గ్రానైట్ క్వారీల దగ్గర పని చేసే ఒకాయన బండి తెచ్చాడు. హీట్ సింక్ (చిప్ వేడిని లాగే లోహం) రెక్కల మధ్య రాతిపొడి పేరుకుని సిమెంటు పూసినట్టు గట్టిపడింది. బ్రష్‌కు రాలేదు. మొత్తం ఊడదీసి కడగాల్సి వచ్చింది. ఇందుకూరుపేట వైపు రొయ్యల చెరువుల దగ్గర నుంచి వచ్చే వాటిలో దుమ్ము తక్కువ, తుప్పు ఎక్కువ. ఉప్పుగాలికి ర్యామ్ కాళ్ల మీద పచ్చగా చిలుము పడుతుంది. ఇలాంటి బళ్లలో కొన్నిసార్లు కొత్త ర్యామే అక్కర్లేదు, ఉన్న కర్రను తీసి పెన్సిల్ రబ్బరుతో కాళ్లు రుద్ది పెడితే ఆగిపోయిన బండి లేచి కూర్చుంటుంది.

వేసవిలో కొందరు వాటర్ కూలర్ ముందు ల్యాప్‌టాప్ పెట్టుకుని ఆడతారు. అది మాత్రం వద్దు తమ్ముడూ. అది చల్లగాలి ఒక్కటే కాదు, తడిగాలి. అసలే సముద్రపు తేమ ఉన్న ఊళ్లు మనవి. బోర్డు మీదకు ఆ తేమను రోజూ నాలుగు గంటలు పంపిస్తే ఏడాదిలో నా దగ్గరికి వస్తావు.

వేడి ఎంతుందో ఊహించక్కర్లేదు. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఉంది. అది వెనక నడుస్తుండగా అరగంట ఆడు. ఆడాక సీపీయూ గరిష్ఠ ఉష్ణోగ్రత ఎంత, 'థర్మల్ థ్రాట్లింగ్' (వేడికి వేగం తగ్గించుకోవడం) దగ్గర యస్, అంటే అవును, అని వచ్చిందా, గేమ్ నెమ్మదించిన వేళ క్లాక్ స్పీడు ఎంతకు దిగింది, ఈ మూడూ రాసుకో. 95 దాటి, స్పీడు రెండు గిగాహెర్ట్జ్ కిందికి దిగిందంటే రోగం ఖాయం. ఇది చూడకుండా ఎవరు ఏ వస్తువు కొనమన్నా కొనొద్దు, నేను చెప్పినా సరే.

2021 బండి కాబట్టి లోపల పేస్ట్ ఎండి పొడిగా రాలుతుంటుంది. సర్వీసు షాపులో పేస్ట్ మార్చి దుమ్ము తీయడం గంట పని. ఏ పేస్ట్ వేస్తున్నారో అడుగు. చిన్న పాకెట్లలో తెల్లగా వచ్చే చౌక రకం ఆరు నెలల్లో మళ్లీ ఎండుతుంది. ఆర్కిటిక్ ఎంఎక్స్4 లాంటిది వేయమను, లేదా ట్యూబ్ నువ్వే కొని పట్టుకుపో, ఎవరూ ఏమీ అనుకోరు. నా దగ్గర ఇలా చేసినవాటిలో పది పన్నెండు డిగ్రీలు దిగడం మామూలు. దుమ్ముతో బాగా మూసుకుపోయిన వాటిలో ఇరవై కూడా చూశా.

సొంతంగా మూత తీద్దామనుకుంటే ఒక్క మాట. ముందు లోపలి బ్యాటరీ కనెక్టర్ ఊడదీయి, తర్వాతే మిగతావి ముట్టుకో. పని నేర్చుకునే రోజుల్లో ఆ కనెక్టర్ తీయకుండా స్క్రూ విప్పాను. స్క్రూ జారి బోర్డు మీద పడింది, చిటుక్కుమని చిన్న మెరుపు. ఆ బోర్డుకు రెండు నెలల జీతం కట్టుకున్నా. మా గురువు తిట్టలేదు, అదింకా బాధ. మూత తీసినప్పుడు బ్యాటరీ కూడా చూడు. ఉబ్బి ఉంటే, లేదా బయట టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టు అనిపిస్తే, గేమ్స్ మాట తర్వాత. ముందు ఆ బ్యాటరీ తీయించెయ్యి, దాని మీద చార్జింగ్ పెట్టొద్దు.

రూపాయి ఖర్చు లేనివి కొన్ని. ఇవి ఈ రోజే చెయ్యి. మీ స్క్రీన్ 60 హెర్ట్జ్ అయితే గేమ్‌లో ఎఫ్‌పీఎస్ 60కి కట్టేయి. వాలరెంట్‌లో ఊరికే 90, 100 గీయిస్తే స్క్రీన్ చూపించేది 60 బొమ్మలే, మిగతా కష్టమంతా వేడే. పోటీగా ఆడేవాళ్లు దీనికి ఒప్పుకోరు, ఎక్కువ ఎఫ్‌పీఎస్‌లో మౌస్ త్వరగా పలుకుతుందంటారు. అది నిజమే, కానీ వేడెక్కి 35కి పడిపోయే బండికి ఆ వాదన పనికిరాదు. జీటీఏలో రిజల్యూషన్ 1920×1080 నుంచి 1366×768కి దించు. మొదటిదానిలో సుమారు 20 లక్షల 70 వేల చుక్కలు గీయాలి, రెండోదానిలో పదిన్నర లక్షలు. సగం పని తగ్గుతుంది, 15 అంగుళాల తెరలో బొమ్మ కొంచెం మసకేస్తుంది, అంతే. బ్రౌజర్ మూసెయ్యి. చార్జర్ పెట్టే ఆడు. మంచం మీద, దిండు మీద పెట్టి ఆడొద్దు, కింద గాలి పోయే రంధ్రాలు మూసుకుపోతాయి. వెనక రెండు మూలల కింద అర అంగుళం ఎత్తు పెట్టినా చాలు. మా అబ్బాయి రెండు సీసా మూతలు పెట్టుకుంటాడు, వెయ్యి రూపాయల కూలింగ్ ప్యాడ్‌కూ దానికీ నేను కొలిచినప్పుడు రెండు మూడు డిగ్రీలే తేడా.

ఎస్ఎస్‌డీ గురించి రెండు ముక్కలు. నీకు ఆల్రెడీ ఉంది. 1 టీబీ వేస్తే చోటు పెరుగుతుంది, ఎఫ్‌పీఎస్ పెరగదు. ఉన్నదాంట్లో ఓ 80, 100 జీబీ ఖాళీ ఉంచుకో, చాలు. ఇది చదివే వాళ్లలో ఇంకా తిరిగే హార్డ్ డిస్క్ ఉన్నవాళ్లుంటే మాత్రం మీ లెక్క వేరు, మీరు అన్నిటికంటే ముందు ఎస్ఎస్‌డీయే వేయించండి. హార్డ్ డిస్క్ సెకనుకు వంద ఎంబీ దగ్గర చదివితే మామూలు సాటా ఎస్ఎస్‌డీ 500 దాటుతుంది. గేమ్ తెరుచుకునే సమయమూ, మధ్యలో మ్యాప్ లోడ్ అయ్యేటప్పుడు వచ్చే జర్కులూ తగ్గుతాయి.

జీటీఎక్స్ 1650 లాంటి కార్డుతో వచ్చిన గేమింగ్ బళ్ల వాళ్లు కూడా అడుగుతుంటారు. మీకూ పేస్ట్, దుమ్ము మాట వర్తిస్తుంది. ర్యామ్ రెండో కర్ర మీకూ ఉపయోగమే, కానీ పైన చెప్పినంత కాదు. చార్జర్ పోతే మాత్రం అదే వాట్ల చార్జర్ కొనండి. ఒకబ్బాయి 135 వాట్ల చార్జర్ పోయిందని పిన్ సరిపోయింది కదా అని 65 వాట్లది వాడుతూ, గ్రాఫిక్స్ కార్డు పోయిందని ఏడుస్తూ వచ్చాడు. కార్డు బాగానే ఉంది, తిండి చాల్లేదు.

ఒక అనుమానం మిగిలింది, అడక్కుండా వదిలేయలేను. నీ నత్తనడక రెండు గేముల్లోనూ ఉందా, వాలరెంట్‌లోనేనా? వాలరెంట్‌లో మాత్రమే మనిషి ఒక చోటి నుంచి ఇంకో చోటికి దూకినట్టు కనిపిస్తే అది ఎఫ్‌పీఎస్ కాదు, పింగ్ (సర్వర్‌కు డేటా పోయి రావడానికి పట్టే సమయం). గేమ్ ముంబై సర్వర్‌తో మాట్లాడుతుంటుంది, హాస్టల్ వైఫై మీద నలభై మంది వీడియోలు చూస్తుంటారు. ఆ దారి మూసుకుపోతే 64 జీబీ ర్యామ్ వేసినా ఏమీ మారదు. జీటీఏ కథ మోడ్ నెట్ లేకుండా ఆడి చూడు. అక్కడా ఇరవై నిమిషాలకు నెమ్మదిస్తే బండి తప్పు, అక్కడ బాగుంటే నెట్ తప్పు.

ఇవన్నీ చేశాక నీకు వచ్చేది ఏంటంటే, వాలరెంట్ హాయిగా, జీటీఏ 5 పర్లేదన్నట్టు. 2015లో పీసీకి వచ్చిన గేమ్ అది, అందుకే ఈ చిప్ మోయగలుగుతోంది. కొత్తగా వచ్చే పెద్ద గేముల మీద ఆశ పెట్టుకోవద్దు. ఆ ఆశ ఉంటే మిగిలిన డబ్బుకు ఇంకొంత కలిపి, చదువయ్యేలోపు కార్డున్న ల్యాప్‌టాప్ తీసుకో. అప్పుడు కార్డు పేరు ఒక్కటే చూసి కొనొద్దు, దానికి ఎన్ని వాట్లు ఇచ్చారో అడుగు. ఒకే ఆర్‌టీఎక్స్ 3050 పేరుతో 35 వాట్లదీ ఉంటుంది, 80 వాట్లదీ ఉంటుంది, రెండిటి ఆటా ఒకటి కాదు.

ల్యాప్‌టాప్ అడుగున ఉండే మోడల్ నంబరు, టాస్క్ మేనేజర్‌లో స్లాట్‌లు ఎన్ని కనిపించాయో, అరగంట ఆడాక వచ్చిన ఆ మూడు అంకెలు ఇక్కడ పెట్టు. సీరియల్ నంబరు మాత్రం పెట్టకు. ఏ కర్ర సరిపోతుందో చూసి చెబుతా. ఆదివారం షాపు ఉండదు, సాయంత్రం జవాబు రాస్తా.